పొద్దుటి నమస్కారం

“ఇవాళ కూడా నమస్కారం పెట్టలేదండీ మీరు!” అంటూ క్యారవాన్ తలుపు తోసుకుని వచ్చాడు ప్రొడక్షన్ మేనేజర్ క్రాంతికుమార్. “నిర్మాత గారు ఎదురుపడితే తలూపి వెళ్ళిపోతారా? వరసగా మూడోరోజు! యూనిట్ అంతా చూసింది.”

జ్ఞానప్రసూనాంబ చేతులు ఒళ్ళో పెట్టుకుని అద్దం ముందు కూర్చునుంది. హెయిర్ డ్రెస్సర్ ఎల్లమ్మ వెనక నిలబడి ఆవిడకి ముడి వేస్తోంది.

“వెంకటరామయ్య గారు ఏమైనా అన్నారా బాబూ?”

“అనకుండా ఉంటారా? ‘ఆవిడ మధ్యాహ్నం శుభ్రంగా నమస్కారం పెడుతుంది, పొద్దున మాత్రం పెట్టదేంటయ్యా?’ అన్నారు. ఎంత వెటకారం! షాట్‌కి ముందే వచ్చి కలవమన్నారు. నాకు తెలిసి మీ వేషం పోయినట్టే.”

“పొద్దుగాల ఆయన గూడ తలకాయే ఊపుతడు గద సార్?” అంది ఎల్లమ్మ ఉండబట్టలేక.

“ఆయన పెట్టకపోతే హోదా. ఈవిడ పెట్టకపోతే పొగరు. అంతే!” విసురుగా దిగిపోయాడు క్రాంతికుమార్.

అతని తప్పేమీ లేదు. ఫిల్మ్‌నగర్‌లో పొద్దున్నే కారు దిగిన ప్రతివాడికీ రెండు చేతులూ గుండెల దాకా ఎత్తి దండం పెట్టాల్సిందే. చిన్నా పెద్దా చూడకూడదు. ఇవాళ టీ అందించినవాడు రెండేళ్ళు తిరిగేసరికి డైరెక్టర్ అయి కూర్చోవచ్చు. ఆ మర్యాద నలభై ఏళ్ళుగా ప్రసూనాంబ ఒక్కరోజూ తప్పలేదు. ఇప్పుడేమో చేతులే లేవడం లేదు, ఏం చేస్తుంది?

పాలీమయాల్జియా రుమాటికా అని డాక్టర్ భువన జబ్బు పేరు చెప్పినప్పుడు ఆవిడకి నోరు తిరగలేదు. తెల్లారేసరికి మెడ, భుజాలు, తుంటి కొయ్యబారిపోయేవి. మంచం మీద పక్కకి ఒత్తిగిలాలన్నా ఏడుపొచ్చేది. స్టెరాయిడ్ మొదలెట్టిన నాలుగోరోజుకే లేచి తిరిగింది గానీ, నెలలు గడిచేకొద్దీ ముఖం పూరీలా పొంగింది, షుగర్ తగులుకుంది. అందుకే డాక్టరమ్మ మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తోంది. పది మిల్లీగ్రాముల నుంచి ఏడున్నరకి దిగి వారమైంది. దిగిన రెండోరోజు నుంచే పొద్దుటి బిగుతు మళ్ళీ మొదలైంది. పదకొండు దాటితే గానీ చేతులు చెప్పినమాట వినవు. జాకెట్టు హుక్కుల దగ్గర్నుంచి అన్నీ ఎల్లమ్మే చూస్తోంది. ఈ సంగతి తెలిసింది కూడా ఎల్లమ్మకే.

“ఏలినాటి శని ఏడున్నరేళ్ళు. నాది ఏడున్నర మిల్లీగ్రాములు,” అని నవ్వబోయింది ప్రసూనాంబ. నవ్వు రాలేదు.

“నవ్వులాటనా అమ్మా? బీమారుందని చెప్పెయ్యరాదు.”

“చెప్తే? మనం భోజనాలకి లేచేలోపు కృష్ణానగర్ అంతా పాకుతుంది. ‘పాపం, ఆవిడకి ఒంట్లో బాగోదట’ అంటారు. ఆ ఒక్క మాట చాలే ఎల్లమ్మా, ఇంక ఎవరూ పిలవరు. నాలుగేళ్ళకి దొరికిన వేషం ఇది.”

వంగి, అతికష్టం మీద సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. ఇంకొక్కటి వేసుకుంటే? ఎల్లమ్మ గబుక్కున ఆ చేయి పట్టుకుంది.

“వద్దమ్మా! నీ అంతట నువ్వు గోలీ పెంచొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది గద. నొప్పి ఎక్కువైతే ఫోన్ చెయ్యమన్నది.”

నిజమే. ఏడాది పాటు పంటి బిగువున మెట్టు మెట్టుగా దిగి వచ్చింది. ఒక మనిషికి దండం పెట్టడం కోసం మళ్ళీ పైకెక్కుతుందా? పైగా ఇప్పుడు మింగితే ఐదు నిమిషాల్లో భుజాల దాకా చేరుతుందా, పిచ్చిగానీ! అట్ట సంచిలో పడేసి లేచింది. లేవడానికి ఎల్లమ్మ భుజం కావలసి వచ్చింది.

షూటింగ్ జరుగుతున్నది జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో. ముందుగదిలో వెంకటరామయ్య గారు చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. గుండ్రటి ముఖం, ఎప్పుడూ ఎవరి మీదో కోపం ఉన్నట్టు బిగుసుకున్న భుజాలు. డ్రైవర్ నర్సింహ ఆయన కళ్ళజోడు తుడిచి, తనే ఆయనకి పెట్టి పక్కకి తప్పుకున్నాడు. కళ్ళజోడు కూడా ఇంకొకరు పెట్టాలి కాబోలు, ఏం దర్జా అనుకుంది ప్రసూనాంబ.

పక్కనే క్రాంతికుమార్ ‘కానివ్వండి’ అన్నట్టు సైగ చేశాడు.

ఆవిడ ఊపిరి బిగబట్టి రెండు చేతులూ ఎత్తింది. నడుము దాకా వచ్చాయి. ఇంకొంచెం... ఇంకొంచెం... భుజాల్లో ఎవరో మేకులు దిగ్గొట్టినట్టయింది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. చేతులు మాత్రం గుండెల దాకా రాలేదు.

“దించండి,” అన్నారు వెంకటరామయ్య గారు.

అయిపోయింది, వేషం పోయింది అనుకుంది ప్రసూనాంబ.

“క్రాంతీ, నర్సింహా, మీరిద్దరూ బయటికెళ్ళండి. తలుపు దగ్గరికి వెయ్యండి.”

తలుపు పడింది.

“పొగరు కాదండీ,” అంది ఆవిడ. “మీ మీద గౌరవం లేకా కాదు. నా మాట కొంచెం వినండి...”

ఆయన వినిపించుకున్నట్టు లేదు. కుర్చీ చేతుల మీద బరువు మోపి, ముందుకి ఒకసారి ఊగి, మళ్ళీ ఊగి, మూడోసారికి పళ్ళు బిగించి లేచారు. మెల్లగా అడుగులు వేసుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చారు.

“ఏడున్నరకి దిగి నాకు ఇవాళ్టికి ఆరోరోజు,” అన్నారు గొంతు తగ్గించి, “మీరు ఎంతలో ఉన్నారమ్మా?”