మోతీ మెడతాడు

యుద్ధం నాటి కరువు. ఇల్లు పోయి, కలరాకు పసిబిడ్డా పోయాక రహీమున్నీసా పుంగనూరు సంత కొట్టంలోనే పడుకునేది. తోడు కుక్క మోతీ ఒక్కటే. "కుక్కల్ని పట్టే బండి తిరగతాండాదమ్మా, కట్టేసుకో" అని గంజి పోసే మునిస్వామి చెప్పినందుకు, ఆ రాత్రి దాని మెడతాడును తన కాలికి ముడేసుకుంది.

నిద్రలో ఏదో దుప్పట్లోకి దూరి రొమ్ముకు అతుక్కుంది.

"యాల మోతీ, ఇంత సల్లగుండావు?"

అప్పుడే కాలి తాడు బిగిసింది. కొట్టం బయట, తాడు చివర, మోతీ దుప్పటికేసి గుర్రుమంటూ ఆమెను బలమంతా పెట్టి లాగుతోంది.

రహీమున్నీసా రొమ్ము దగ్గర తడిమింది. బొచ్చు లేదు. చిన్న వేళ్లు ఆమె వేలిని పట్టుకున్నాయి.

ఆమె మెల్లిగా కాలు ముడుచుకుని తాడు ముడి విప్పేసింది.

"అరవగాకు మోతీ. బిడ్డ లేస్తాది."