హాప్సలు చీఫ్

గణపతి చపాతీ పీట మీద పిండి చల్లాడో లేదో, చీఫ్ వచ్చి అందులో వేలితో గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఇటు సముద్రం. ఇటు సముద్రం. ఇటూ సముద్రమే. మధ్యలో నాలుక చాపినట్టు మా ఊరు, హాప్సలు."

గణపతి అరచేత్తో ఆ ఊరిని తుడిచేశాడు.

"పొద్దున లేస్తే గదే ఊరా చీఫ్ సాబ్? నాకు పనుంది."

చీఫ్ వేలు ప్యాంటుకు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

ఆయన పేరు ఎండెల్. దేశం ఎస్తోనియా. అరవై ఆరేళ్లు. ఓడలో పెద్ద ఇంజనీరు కాబట్టి అందరూ చీఫ్ అనేవాళ్లు. పాతికేళ్లుగా భారతీయులతో కలిసి ఓడల్లో తిరిగి వచ్చీరాని హిందీ నేర్చుకున్నాడు.

గణపతిది కోరుట్ల దగ్గర పల్లె. ఒమన్ దేశపు సోహార్‌లో కంపెనీ మెస్సుల్లో ఆరేళ్లు వండి, ఈ ఓడలో వంటవాడిగా చేరాడు.

చేరిన నాలుగో నెలలో ఓడ యజమాని జాడ లేకుండా పోయాడు. కోర్టు ఓడను సోహార్ రేవుకు దూరంగా, నడి నీళ్లలో ఆపేసింది. సిబ్బంది ఒక్కొక్కరే ఇళ్లకు పోయారు. కాపలాకు మనుషులు ఉండి తీరాలన్నారు కాబట్టి చివరికి ఈ ఇద్దరూ మిగిలారు.

ఓడ ఆగి పదిహేడు నెలలైంది.

దిగిపోయేవాళ్లు గణపతి చెవిలో ఒక మాట వేసిపోయారు.

"జాగ్రత్త. ముసలాడు ఓనర్ మనిషి."

గణపతి నమ్మాడు. లేకపోతే ఎన్నటికీ తిరగని ఇంజన్‌కు రోజూ నూనె పెట్టేవాడు ఎవడుంటాడు?

అయినా వినక తప్పేది కాదు. ఆ ఓడ మీద మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు.

చలికాలంలో హాప్సలు సముద్రం గడ్డకడుతుందట. దాని మీద కార్లు నడుపుకుంటూ దీవులకు పోయేవాళ్లట. అక్కడి ఆడవాళ్లు అల్లిన శాలువా ఉంగరంలోంచి దూరిపోతుందట. కీళ్ల నొప్పులకు అక్కడి సముద్రపు బురద పూసుకోవడానికి రాజులు సైతం వచ్చేవాళ్లట. ఆ రాజులు వానలో తడవకూడదని స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద రెండు వందల మీటర్ల కప్పు వేశారట.

"ఇప్పుడు రైళ్లు రావు. పట్టాలు కూడా పీకేశారు," అన్నాడు చీఫ్.

"మరి స్టేషన్ ఎందుకు?"

"కూల్చడానికి మనసొప్పలేదు. మా నాయనమ్మను సోవియట్ సైనికులు అక్కడే పశువుల రైలు డబ్బాలో ఎక్కించి సైబీరియాకు పంపారు. తిరిగి రాలేదు. మా ఊళ్లో ఇంటికొకరు అలా పోయినవాళ్లే."

గణపతి గిన్నె తోముకుంటూ ఊ కొట్టాడు.

ఊళ్లో గణపతి భార్య సంధ్య మంచం పట్టి ఉంది. ఒక మధ్యాహ్నం మరదలు సంగీత ఫోన్ చేసింది. ఓడ పైభాగాన నిలబడితే తప్ప మాట వినిపించదు.

"బావా, డాక్టర్లు అక్కను ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇగ లాభం లేదంట. అక్క తలుపు దిక్కే చూస్తాంది."

గణపతి అక్కడే కూలబడ్డాడు. చీఫ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏమైంది?"

"మా సంధ్య సచ్చిపోతాంది. నీకేం తెలుస్తది సాబ్! నీకు పెండ్లాం పిల్లలు ఉన్నరా?"

చీఫ్ సముద్రం వైపు తిరిగాడు.

"ఎవరూ లేరు," అన్నాడు.

ఆ ఫోన్ వచ్చిన తొమ్మిదో రోజు, ఓడకు తాగునీళ్లు తెచ్చే పడవ నడిపే తెలంగాణవాడు బాబు మియా ఒక కవరు తెచ్చాడు. పోర్టు ఆఫీసు కవరు. చీఫ్ విప్పి చదువుకుని, ఏమీ చెప్పకుండా అదే పడవలో ఒడ్డుకు పోయాడు.

సాయంత్రం తిరిగొచ్చాడు. నిచ్చెన ఎక్కేసరికి ఆయాసంతో కాసేపు నోట మాట రాలేదు.

"గణపతీ, ఒకరిని వదులుతారట. సామాను సర్దుకో."

"మరి నువ్వు?"

"ఆ ఊళ్లో నాకేముంది? రైలైనా రాదు."

ఓనర్ మనిషి ఓడను వదిలి ఎందుకొస్తాడులే అనుకున్నాడు గణపతి.

దిగే రోజున చీఫ్ చేయి చాపాడు. గణపతి సంచి అందుకునే నెపంతో వంగి, ఆ చేతిని తప్పించుకున్నాడు. పడవ కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు.

కాయితాలకూ టికెట్టుకూ ఆరు రోజులు పట్టింది.

అతను ఊరు చేరేసరికి సంధ్య పోయి నాలుగు రోజులు. సంగీత బావ కాళ్లకు నీళ్లిచ్చింది.

రెండు నెలల తర్వాత సోహార్ నుంచి బాబు మియా ఫోన్ చేశాడు.

"చీఫ్ సాబ్ పోయిండు బేటా. ఇంజన్ రూమ్‌ల పడిపోయిండు. నేను నీళ్లు తీస్కొని పోయేసరికి రెండ్రోజులైంది."

గణపతి ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"పాపం, ఎవ్వరు లేనాయన. మట్టి ఎవరు జేసిండ్రు చాచా?"

"ఎవ్వరు లేకపోవుడేంది? ఆయన బీవీ వచ్చింది, హాప్సలు నుంచి. నలభై ఏండ్ల కాపురమంట. మయ్యత్తును పెట్టెల పెట్టించి ఊరికి తీస్కపోయింది."

"ఎవ్వరు లేరన్నడు గద!"

"నీతోని అట్ల అన్ననని ఆమెకు ఫోన్‌ల చెప్పిండంట."

గణపతి గోడకు ఆనుకున్నాడు.

"ఎందుకు చాచా?"

అవతల బాబు మియా గొంతు సవరించుకున్నాడు.

"నిన్న సాక్షి దస్తఖత్ పెట్టనీకి పోర్టు ఆఫీస్‌కు పోతే ఆడి గుమాస్తా చెప్పిండు బేటా... నేను తెచ్చిన కవర్ల ఉన్నది నీ పేరు కాదు, గుండె ఖరాబైందని ముందే అర్జీ పెట్టుకుంటె కోర్టు ఇడిచిపెట్టింది ఆయన్నే, ఆ దినం ఆఫీస్‌కు పోయి బతిలాడి తన పేరు కొట్టేపిచ్చి నీ పేరు రాపిచ్చిండు."