దగ్గరికి రానీయని తల్లి

"ఆడనే నిలబడు అమ్మీ! ఇంగొక్క అడుగు ముందుకెయ్యొద్దు."

ఊరూరా ఫ్లూ జరం పాకిన యాభై ఏడో సంవత్సరం అది. నిండు కడుపుతో బాగేపల్లి నుంచి బస్సెక్కి, ఏడ్చుకుంటూ బట్లహళ్ళి చేరిన గంగరత్న వాకిట్లోనే నిలిచిపోయింది. తండ్రి గోవిందప్ప శవాన్ని అరుగు మీద పడుకోబెట్టినారు. పక్కనే తల్లి అక్కయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతాంది.

"నాయన పోతే నిన్ను పట్టుకుని ఏడ్చేదానికి కూడా పనికిరానా? జరమని ఒక్క మాట చెప్పి పంపకపోతిరే! పెండ్లి చేసినాక పరాయిదాన్నైపోతినా?"

"నాకూ తగులుకున్నాదమ్మీ. ఈ జరం దగ్గితేనే పక్కనోళ్ళకు అంటుకుంటాదంట. కడుపుతో ఉండేవాళ్ళకొస్తే తల్లికీ బిడ్డకీ గండమని డాక్టరు చెప్పినాడు."

"బతికుండంగా ఒక్కసారి చూసుకుంటా ఉంటినే!"

అక్కయమ్మ మొగుడి పక్క చూసింది. "కబురు పంపుతానంటే మీ నాయనే వద్దన్నాడు. 'తెలిస్తే అది నిలవదు, పరిగెత్తుకొని వస్తాది. నయమైనాక నేనే పోయి చూసొస్తా' అన్నాడు. అన్నాడే గానీ, బస్సు హారను వినబడినప్పుడల్లా వాకిలి పక్కే చూస్తా ఉండె."

గంగరత్న మట్టిలో కూలబడింది. గుండెలు బాదుకుని ఏడ్చింది గానీ, ముందుకు మాత్రం పోలేదు.

అక్కయమ్మ వంగి మొగుడి ముఖం మీది గుడ్డ తీసింది. చల్లబడిన ఆ తలను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా కూతురి వైపు తిప్పింది.