ఎడమకాలి చెప్పు

"నాన్నా, ఇవాళ జరిగిన మంచి విషయం ఒక్కటి చెప్పు," అంది కూతురు ఫోన్లో.

రోజూ సాయంత్రం ఇదే పరీక్ష. రోజుకో మంచిని తలుచుకుంటే పెద్దవాళ్ళ మనసు తేలికపడుతుందని ఎక్కడో విన్నదట. చెప్పలేకపోయాడో, మర్నాడే కారేసుకొచ్చి తన ఇంటికి తీసుకుపోతుంది. అక్కడ గది సిద్ధంగా ఉంది. అల్లుడూ మంచివాడే. కానీ అల్లుడి ఇంట్లో దగ్గాలన్నా వేళ చూసుకోవాలి.

అందుకని ఆ ముసలి వడ్రంగి రోజూ ఏదో ఒకటి వెతికేవాడు.

"మిగిలిన రెండు పళ్ళూ ఎదురెదురుగానే ఉన్నాయి."

"నాన్నా!"

"బట్టతల. దువ్వెన వెతుక్కునే పని లేదు. చాలా, ఇంకోటి కావాలా?"

కూతురు నవ్వేసేది. ఆ నవ్వుతో ఇంకో రోజు గట్టెక్కేది.

చెడ్డ విషయం చెప్పమంటే మాత్రం వెతకక్కర్లేదు. అది రోజూ పొద్దున్నే తలుపు దగ్గరికి వచ్చేది.

"ఏం బావా, ఉన్నావా?"

ఎదురు వాటాలోకి ఈమధ్యే దిగిన మిల్లు మనిషి. బతుకంతా మరమగ్గాల మధ్య గడిపినవాడు. గుసగుసలాడినా వీధి చివరికి వినపడాల్సిందే.

ఆ మాట వింటేనే వడ్రంగికి ఒళ్ళు మండేది. ఉన్నావా అంటే? ఇంట్లో ఉన్నావా అనా, ఇంకా పోలేదా అనా? భార్య పోయినప్పుడు చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు. ఓర్చుకోమన్నారు. టీలు తాగి వెళ్ళారు. మళ్ళీ ఒక్కడు తొంగి చూస్తే ఒట్టు. అప్పట్నుంచి ఆయన తలుపుకి లోపల గడియ పడింది. వీధిలో ఎవరు ఎదురుపడినా మొహం తిప్పుకునేవాడు.

అలాంటిది, ముక్కూమొహం తెలియనివాడు బావా అంటూ వచ్చి తలుపుకి ఆనుకుంటాడా? ఆనుకున్న సంగతి లోపలికి తెలిసిపోయేది. తలుపు చిన్నగా కిర్రుమనేది. అది తన చేత్తో చేసుకున్న తలుపు. ఆ పాలిష్ మీద ఎవడి చెయ్యి పడినా ఆయన ఓర్చుకోలేడు.

"ఉన్నాను! నీ కళ్ళు చల్లబడ్డానికి ఇంకా టైముంది!" అని మంచం మీంచే అరిచేవాడు. "ఎవడ్రా నీకు బావ? మీ అక్కనేమైనా చేసుకున్నానా? ఇదిగో, చెప్పు వస్తోంది!"

తిట్టి ఊరుకునేవాడు కాదు. మంచం కింద నుంచి ఎడమకాలి చెప్పు అందుకుని తలుపుకేసి విసిరేవాడు. ధన్!

"సంతోషం బావా!" అనేవాడు మిల్లు మనిషి బయట నుంచి. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

సిగ్గులేని జన్మ, అనుకునేవాడు వడ్రంగి. ఆ తర్వాత వంగలేక వంగి, చెప్పు తెచ్చుకుని, తలుపు మీద పడ్డ మచ్చని తువ్వాలుతో రుద్దేవాడు. ఎదుటివాడి చెయ్యి పడితే పాలిష్ పోతుందని బాధపడి, ఆ పాలిష్‌ని తన చెప్పుతోనే చెడగొట్టుకునే మొనగాడు తనొక్కడే అని ఆయనకే నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎవరికీ వినపడకుండా దగ్గేవాడు.

ఒకరోజు పొద్దున్న బాత్‌రూంలో కాలు జారింది.

లేవబోతే పాదం మాట వినలేదు. ఫోన్ మంచం మీద ఉంది. వీధి తలుపుకి గడియ ఉంది. ఏ దొంగా తియ్యలేని గడియ అని నలుగురి దగ్గరా గొప్పలు పోయిన పనితనం అది. ఇప్పుడు దొంగైనా వస్తే బావుండుననిపించింది.

"ఏం బావా, ఉన్నావా?"

ప్రాణం లేచొచ్చింది.

"ఉన్నాను!" మొదటిసారి తిట్టు లేకుండా వచ్చింది జవాబు. "ఉన్నాను బావా! పడిపోయాను! రా!"

బయట చప్పుడు లేదు.

"బావా, ఉన్నావా?"

"ఉన్నానయ్యా బాబూ! లోపలే ఉన్నాను!"

పరుగెత్తుకెళ్ళిన అడుగులు వినిపించాయి. కాసేపటికి గడ్డపలుగు తలుపుని పెళ్ళగించడం మొదలుపెట్టింది. బతికానని ఆనందపడాలో, తలుపు చీలిపోతోందని ఏడవాలో తెలియక, వడ్రంగి రెండూ చేశాడు.

మడమ ఎముక విరిగిందన్నారు ఆస్పత్రిలో. సాయంత్రానికి కూతురు వచ్చింది. మంచం పక్కన కూర్చుంది కానీ రోజూ అడిగేది అడగలేదు.

"ఇవాళ్టి మంచి విషయం అడగవేం?" అన్నాడాయనే.

"చెప్పు."

"నా గొంతు. పళ్ళు పోయినా అది మిగిలింది. బాత్‌రూంలోంచి అరిస్తే వీధిలోకి వినపడింది. తెలుసా?"

కూతురు కళ్ళు తుడుచుకుంది. "ఇక్కణ్ణించి మాత్రం మా ఇంటికే."

"నా ఇంటికే. పిలిస్తే పలికేవాడు ఎదురుగా ఉన్నాడు."

అంతలో మిల్లు మనిషి భార్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది.

"ఎలా ఉంది అన్నయ్యా? ఆయన మీ తలుపు కోసం వడ్రంగిని వెతుకుతున్నారు."

వడ్రంగి మొహం అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పాడు.

"అమ్మా, మీ ఆయనతో నా మాటగా చెప్పు. నేను రోజూ తిట్టినవన్నీ విన్నాడు. ఇంకొకడైతే నా కేక విని కూడా విననట్టు పోయేవాడు. మీ ఆయన పరుగెత్తుకొచ్చాడు."

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆగిపోయింది.

"ఆయనకేం వినపడుతుందన్నయ్యా, మిల్లులోనే రెండు చెవులూ పోతేనూ, రోజూ మీ చెప్పు తగిలి తలుపు అరచేతికి అదిరేదట, ఇవాళ అదరలేదని గడ్డపలుగు పట్టుకెళ్ళారు."