బడి పొట్లం

“ఆ జిగురు తివాచీ మీద ఒలికిందంటే నీ సంగతి చెప్తా,” అంది ఆల్ముట్.

గేసా వినిపించుకోలేదు. నేల మీద చతికిలబడి, పొడుగాటి అట్ట పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని అంచుకు నీలం కాగితం అతికిస్తోంది. అటక మీద పడి ఉండి ఉండి పాత కాగితం వెలిసిపోయింది. పొట్లం మీద ముళ్లపంది బొమ్మకు ఒక కన్ను ఊడిపోతే, ఆ చోట గుండీ కుట్టింది.

బడిలో చేరే రోజున బిడ్డకు పొట్లం చేసివ్వడం జర్మనీలో ఈ ఓల్డెన్‌బుర్గ్ ఊరి తల్లులకు మహా ముచ్చట. మిఠాయిలు, రంగు పెన్సిళ్లు కూరి, బిడ్డంత పొట్లాన్ని బిడ్డ చేతే మోయించి ఫోటో తీస్తారు.

“మనం వెళ్లేది కోర్టుకే, బడికి కాదు. ఇది చూసి జడ్జి నవ్వుతాడు.”

“సంతకం పెట్టాక ఎంతైనా నవ్వుకోమను.”

“పోనీ, కొత్తది కొనొచ్చు కదే.”

“వీబ్కెకి కొన్నది ఇవ్వను,” అంది గేసా.

ఆ మొండితనం ఆల్ముట్‌కు కొత్త కాదు. టీ కాచడానికి లేచింది. గేసా అతికించిన అంచునే మళ్లీ మళ్లీ వేలితో నొక్కుతోంది. జడ్జి సరేనంటే ఈ పూట నుంచి వీబ్కె తన కూతురు. కాదంటే కాగితాల మీద తను ఎవరూ కాదు. లేవాలంటే కుర్చీ పట్టుకోవాల్సిన ఈ మోకాళ్లతో తల్లినవుతానంటే ఏమంటాడో అని రెండు వారాలుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

జిగురు ఆరేదాకా ఆమె మనసు వెనక్కి పోయింది.

నలభై ఏళ్ల కిందట ఈ ఇంట్లో ఒక పిల్ల తిరుగాడేది. ఆల్ముట్ వాళ్ల చనిపోయిన అక్క కూతురు. దత్తత ఆల్ముట్ ఒక్కదాని పేరు మీదే జరిగింది. ఇద్దరాడవాళ్ల చేతికి బిడ్డను ఇచ్చే రోజులు కావవి. పిల్లల సంక్షేమం ఆఫీసావిడ తనిఖీకి వచ్చినప్పుడల్లా గేసా మేడ మీది గదిలో అద్దెకుండే మనిషైపోయేది. అప్పటిదాకా తను అల్లుతున్న జడను సగంలో వదిలేసి మెట్లెక్కేసేది. ఆవిడ అటు వెళ్లగానే పిల్ల సగం జడతో పైకి పరిగెత్తుకొచ్చేది. మిగతా సగం అల్లుతూ ఇద్దరూ నవ్వుకునేవారు. భయం భయంగా గడిచిన రోజులే అయినా, తలచుకుంటే ఎంత తీపిగా ఉంటాయో.

ఆ పిల్ల బడిలో చేరినప్పుడు గేసా చేసిన పొట్లమే ఇది. ఎవరు చేశారని టీచరు అడిగితే పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేస్తుందని ఆల్ముట్ హడలిపోయి, షాపులో కొన్నది దాని చేతిలో పెట్టింది. గేసాకు మనసాగలేదు. తను చేసినది పట్టుకుని బడి ఎదురుగా ఉన్న బేకరీ దాకా వెళ్లింది. గేటు దగ్గర ఆఫీసావిడ కనిపించేసరికి పొట్లాన్ని వీపు వెనక్కి తీసుకుంది. రోడ్డుకు ఇవతలి నుంచే ఫోటో తీయడం చూసింది. పిల్ల బుద్ధిగా కెమెరా వైపు నవ్వుతోంది. ఇంటికొచ్చి పొట్లాన్ని అటకెక్కించింది. తను అక్కడికి వెళ్లినట్టు ఆల్ముట్‌కు ఈనాటికీ తెలియదు.

పిల్ల పెరిగింది, పెద్ద చదువులకు వేరే ఊరు వెళ్లింది. తర్వాత చట్టాలు మారాయి. గేసా, ఆల్ముట్ పెళ్లి కూడా చేసుకున్నారు. ఈసారి రోడ్డుకు ఇవతల నిలబడేది లేదని గేసా గట్టిగా అనుకుంది.

వీబ్కెను బడి దగ్గరే కారెక్కించుకున్నారు. చుట్టూ పిల్లలు టాటా చెబుతుంటే భుజాన సంచీతో గబగబా వచ్చి వెనక సీట్లో కూలబడింది.

“ఆకలేస్తోంది గేసా.”

గేసా జున్ను రొట్టె డబ్బా అందించింది. “నెమ్మదిగా తిను. పన్ను ఊడిన చోట నాలుక పెట్టకు.”

“పెట్టట్లేదులే.”

లెక్కల పరీక్ష ఏమైందని ఆల్ముట్ అడిగింది. సగం మందికి గుండుసున్నాలేనని వీబ్కె నిట్టూర్చింది.

జడ్జి కుర్రవాడు. కాగితాలు తిరగేసి, గేసా ఒళ్లో ఉన్న పొట్లం వంక చూసి తలెత్తాడు.

“మీకూ వీబ్కెకూ మధ్య తల్లీబిడ్డల బంధం ఉందని నేను నమ్మాలి. ఎలా నమ్మమంటారు?”

అద్దం ముందు వల్లెవేసిన మాటలన్నీ గేసా నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. ఆల్ముట్ చెయ్యి నొక్కింది. లాభం లేకపోయింది.

“బఠాణీలు తినదండీ,” అంది చివరికి. “ఏరి నా కంచంలో వేస్తుంది. నేనే తింటాను.”

“మీకు ఇష్టమా?”

“అసలు పడవండీ నాకు.”

జడ్జి వీబ్కె వైపు తిరిగాడు. వీబ్కెకు సమ్మతమేనా అని అడిగితే, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనన్నట్టు ఆమె గబగబా తలూపింది. ఆయన కలం తీశాడు.

బయట వసారాలో ఆల్ముట్ కళ్లు తుడుచుకుంటూ కెమెరా సర్దుకుంది. గేసా పొట్లాన్ని రెండు చేతులతో అందించి, మిఠాయిలు ఇప్పుడే తినొద్దని, పన్ను దగ్గర నొప్పి తగ్గనివ్వమని చెప్పింది. వీబ్కె నెరుస్తున్న జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ముళ్లపంది గుండీ కన్ను మీద వేలు పెట్టి చాలాసేపు నిమిరింది.

“ఆ రోజు బేకరీ ముందు నువ్వు దీన్ని వీపు వెనక దాచుకోవడం నేను చూశాను, అమ్మా.”