పరుపు కింది ఉప్పు

నా పెద్ద భయం ఒక్కటే. మా పాత వ్యాను అడుగు ఊడి, అందుల పండుకున్న నా బిడ్డ రోడ్డు మీద పడుతదేమోనని. జాతరలల్ల గిన్నెలు అమ్ముకునేటోళ్లం, మాకు వ్యానే ఇల్లు.

సంతోష్‌నగర్ షెడ్డుల మెకానిక్ జబ్బార్ భాయ్, నా బిడ్డ పండుకునే పరుపు లేపి చూసిండు. రేకు తుప్పువట్టి పెద్ద బొక్క పడ్డది. చుట్టూ తడి ఉప్పు.

"అరే అక్కా, రేకుతోని తొక్కు పెట్టిండ్రా? ఈ ఉప్పే తిన్నది దీన్ని!"

"నీ పనేనా?" మా ఆయన ఆగయ్య నా మీదికి లేచిండు.

"దాన్ననకురా, నేనే," అన్నది అత్త మాణిక్యమ్మ. "నీ పెద్దకొడుకు సచ్చిపోయినంక, ఈ పిల్లకు దిష్టి తగలొద్దని ప్రతి అమాసకు పరుపు కింద ఉప్పు పోసిన."

బిడ్డ కోసం భయపడేది నేనొక్కదాన్నే అనుకున్న ఇన్నొద్దులు.

అత్త కాళ్ల కడియాలు తీసి భాయ్ ముందట పెట్టింది. "కొత్త రేకు కొట్టి, రంగు గూడ ఎయ్యి నాయనా."

రంగు ఆరినంక, "ఎక్కు అత్తమ్మా" అని చెయ్యి పట్టుకున్న.

"వద్దు బిడ్డా, నా చెయ్యి మంచిది కాదు. పిల్లను కాపాడబోయి బండి అడుగే తీసిన."

ఎంత బతిలాడినా ఎక్కలే. మేం జాతరకు పోతున్నం. మీరు సంతోష్‌నగర్ దిక్కు పోతే, షెడ్డు ఎనక అర్రల మా అత్త ఒక్కతే ఉంటది. తిన్నదో లేదో జర అడుగుండ్రి.