పోలికకు తెచ్చిన ముక్క

వనపర్తి ల్యాబులో మాలతి ఒక్కతే మిగిలింది. పొద్దుటినుంచి నిలబడి కాళ్లు లాగుతున్నాయి. చెరువు చేపల్లో మందులున్నాయేమో చూడటం ఆమె పని. పోలికకు మందు తగలని చేప కావాలి. అందుకని ఇంట్లో కూరకు కొన్న బొచ్చె చేపలోంచే ఒక ముక్క తెచ్చింది. మిగతాది భర్త వండుతాడు. ఆయనకొచ్చిన వంట అదొక్కటే.

రాత్రి పదింటికి మెషిన్ కాగితం కక్కింది. చెరువు చేపలన్నీ శుభ్రం. ఇంటి ముక్కలోనే మత్తుమందు.

వెంటనే ఫోన్ చేసింది.

"పిల్లలు తిన్నరా?"

"తిని గప్పుడే పండుకున్నరు. నా వంట మహిమ."

"జర లేపి సూడు."

"నీళ్లు తాపుదామని లేపిన, లేస్తలేరు. నాగ్గూడ నిద్ర ముంచుకొ..."

మాట ఆగింది. ఫోన్ కట్ కాలేదు. టీవీలో ఎవరో నవ్వుతున్నారు. మాలతి రెండుసార్లు పిలిచింది.

అవతల ఎవరో టీవీ కట్టేశారు.